కాటిసీనుకు వన్స్‌మోర్ ఎందుకు?

హరిశ్చంద్ర నాటకం చూసినవాళ్లకు కాటిసీను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పాము కరిచి చనిపోయిన కొడుకును చేతుల మీద మోసుకుని చంద్రమతి శ్మశానానికి వస్తుంది. అక్కడ కాటికాపరిగా ఉన్నది భర్తే. కాటిసుంకం కట్టనిదే దహనానికి వీల్లేదంటాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలోకి జాషువా శ్మశానవాటిక పద్యాలను నటులే తెచ్చి కలుపుకున్నారు. ఇప్పుడవి లేకుండా ఆ సీను ఆడితే జనం ఊరుకోరు. హరిశ్చంద్రుడి పాత్రధారి పద్యం ఎత్తుకుంటాడు, చివరి పాదం దగ్గర రాగం తీస్తూ పోతాడు, హార్మోనియం ఆ రాగం వెంటే పరుగెడుతుంది. ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటారు. పద్యం ఇంకా ముగియకముందే వెనక నుంచి కేక వినిపిస్తుంది: వన్స్‌మోర్! నటుడు మళ్లీ మొదటి పాదం అందుకుంటాడు. చచ్చిపోయిన లోహితాస్యుడు ఇంకాసేపు కదలకుండా పడుకోక తప్పదు.

కళ్లు తుడుచుకుంటున్నవాళ్లే వన్స్‌మోర్ అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. సొంత ఇంట్లో చావు జరిగితే ఆ రోజు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. అదే చావు స్టేజి మీద జరిగితే రాత్రంతా మేల్కొని చూస్తారు, చాలకపోతే రెండోసారి అడిగి మరీ ఏడుస్తారు. దుఃఖం మనిషి తప్పించుకు తిరిగే విషయమైతే, దాన్ని వెతుక్కుంటూ పోవడం ఏమిటి? 1757లో స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీని మీద ఒక వ్యాసమే రాశాడు. మాట నేర్పు, వర్ణన బలం వల్ల దుఃఖానికున్న ఊపంతా ఆనందం వైపు మళ్లుతుందని ఆయన వాదన. మనస్తత్వ శాస్త్రం దీన్ని ప్రయోగశాలలోకి తీసుకెళ్లి తవ్వుతోంది. అయితే ఈ గొడవ వీళ్లందరికంటే ముందు సంస్కృత ఆలంకారికుల, అంటే కావ్యశాస్త్ర పండితుల, మధ్య బాగా ముదిరింది. అక్కడ ఓడిపోయినట్టు కనిపించిన పక్షమే ఇప్పటి ప్రయోగాలకు దగ్గరగా ఉండటం విశేషం.

భరతుడి నాట్యశాస్త్రం ఎనిమిది రసాలు చెప్పింది. అందులో కరుణానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే మూలభావం, శోకం. శోకం రసంగా మారేసరికి ఏమవుతుందన్నది తర్వాతి వాళ్ల తగువు. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడిది సూటి మాట. కరుణంలో కలిగేది పరమ సుఖమే, సహృదయుల, అంటే రసం తెలిసిన ప్రేక్షకుల, అనుభవమే దానికి సాక్ష్యం అన్నాడు. దాని వల్ల దుఃఖమే కలిగేటట్టయితే ఎవడూ అటువైపు తొంగి కూడా చూడడు, రామాయణం కూడా దుఃఖ హేతువని వదిలేయాల్సి వస్తుంది అని ఎదురు ప్రశ్న వేశాడు. వినడానికి గట్టి వాదనే. చాలామంది పండితులు ఇదే దారిలో నడిచారు.

దీనికి రెండు వందల ఏళ్ల ముందే గుజరాత్‌లో జైన పండితుడు హేమచంద్రుడి శిష్యులు రామచంద్రుడు, గుణచంద్రుడు కలిసి నాట్యదర్పణం రాశారు. వాళ్లది అడ్డం తిరిగిన మాట: రసం సుఖదుఃఖాత్మకం. శృంగారం, హాస్యం లాంటివి సుఖం, కరుణం, భయానకం లాంటివి దుఃఖమే. వాళ్లిచ్చిన ఉదాహరణల జాబితాలో సీతాపహరణం, ద్రౌపది జుట్టూ చీరా పట్టి ఈడ్వడంతో పాటు హరిశ్చంద్రుడి చండాల దాస్యం, రోహితాశ్వుడి (మన లోహితాస్యుడి) మరణం కూడా ఉన్నాయి. అంటే మన కాటిసీనే. వీటిని అభినయిస్తుంటే చూసే సహృదయుడికి సుఖాస్వాదమెక్కడిది అని వాళ్లు నిలదీశారు. ఇది పుస్తకాల్లో కూర్చుని చేసిన వాదన కాదు. రామచంద్రుడు స్వయంగా నాటకకర్త, సత్యహరిశ్చంద్రం పేరుతో నాటకం రాశాడు. తన సీనుకు జనం ఏం చేస్తారో తెలిసిన మనిషి.

మరి సుఖం లేకపోతే జనం ఎందుకొస్తారు? రచయిత, నటుడు చూపించే శక్తికి అబ్బురపడి వస్తారన్నది వాళ్ల జవాబు. ఒక్క వేటుతో తల నరకగల శత్రువు చేతి నేర్పు చూసి వీరుడనుకునేవాడు కూడా ఆశ్చర్యపోతాడే, అలాగ. దుఃఖం దుఃఖంగానే ఉంటుంది, దాని పక్కన ఇంకొకటి వచ్చి చేరుతుంది. వన్స్‌మోర్‌ను ఇంత సూటిగా వివరించే సిద్ధాంతం ఇంకోటి కనపడదు. ఆ కేక వేసేవాడు లోహితాస్యుడు మళ్లీ చావాలని అడగడం లేదు. ఆ పాదం, ఆ రాగం, ఆ గొంతు మళ్లీ కావాలని అడుగుతున్నాడు. కళ్లలో నీళ్లు కథవి, నోట్లో కేక పద్యానిది.

ఇక ఇప్పటి ప్రయోగాలు. విషాద కళ చూస్తున్నప్పుడు దుఃఖం నిజంగా పుడుతుందా, లేక అది దుఃఖంలా కనపడే ఇంకేదైనానా? థాలియా గోల్డ్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పరిశోధనలో, సినిమా సన్నివేశాలు చూసి కలిగిన విచారాన్నీ, సొంత జీవితంలోని ఘటన తలచుకున్నప్పుడు కలిగిన విచారాన్నీ పోల్చి చూశారు. విచారం తీవ్రత రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా వచ్చింది ఆందోళన దగ్గర. సొంత దుఃఖంలో విచారంతో పాటు ఆందోళన కూడా గట్టిగా ఉంది, కథలో అది బాగా తక్కువ. అంటే సినిమా హాల్లో మనం ఏడ్చేది దొంగ ఏడుపు కాదు. అసలైన ఏడుపే, కాకపోతే టెన్షన్ లేనిది.

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఆలోచిస్తే అసలు కీలకం ఇదే. నిజమైన చావు ఇంట్లో ఒట్టి దుఃఖంగా రాదు. ఆస్పత్రి బిల్లు, ఎవరికి ఫోన్ చేయాలి, రేపటి నుంచి ఇల్లెలా గడవాలి, పిల్లలకు ఏం చెప్పాలి, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. చాలామంది దినకర్మలు అయ్యేదాకా సరిగ్గా ఏడవనే ఏడవరు. తీరిక ఉండదు. కథలో చావు మన నుంచి ఏమీ అడగదు. చంద్రమతికి కాటిసుంకం మనం కట్టక్కర్లేదు. అందుకే దుఃఖాన్ని దుఃఖంగా, పూర్తిగా, మొదటి నుంచి చివరిదాకా పడటానికి కళ ఒక్కటే వీలు కల్పిస్తుందేమో అనిపిస్తుంది.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కళానుభవాన్ని ప్రయోగాలతో పరిశీలించడానికే ఒక మాక్స్ ప్లాంక్ సంస్థ ఉంది. అక్కడి విన్‌ఫ్రీడ్ మెనింగ్‌హౌస్ బృందం 2014లో ఒక విషయం తేల్చింది. ఆప్తుల మరణాన్ని ఎదుర్కొంటున్న పాత్రలున్న సినిమా ముక్కలు చూపించి, ఎంత విచారం కలిగింది, ఎంత నచ్చింది అని అడిగారు. ఎక్కువ విచారం కలిగించినవే ఎక్కువ నచ్చాయి. దీనితో ఆగి ఉంటే విశ్వనాథుడే గెలిచేవాడు. కానీ మనసు ఎంత కదిలిపోయింది అనే మూడో ప్రశ్న కూడా అడిగి, దాన్ని లెక్కలోకి తీసుకునేసరికి విచారానికీ ఇష్టానికీ మధ్య నేరుగా సంబంధం కనపడకుండా పోయింది. విచారం మనసును కదిలిస్తుంది, ఆ కదలడం నచ్చుతుంది. విచారం తనంతట తానుగా నచ్చదు. విషాద సంగీతం మీద వుయోస్కోస్కి, ఎరోలా అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితం కూడా ఇదే చెప్పింది.

కదలడం అంటే ఏమిటన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే ఏ సన్నివేశాలు మనసును కదిలిస్తాయో చూస్తే ఒకటి తెలుస్తుంది. ఒట్టి నష్టం ఎవరినీ అంతగా కదిలించదు. నష్టం మధ్యలో ఒక విలువ నిలబడాలి. హరిశ్చంద్రుడు సుంకం మాఫీ చేసేసి ఉంటే కాటిసీనులో ఏడుపు ఉండేది గానీ వన్స్‌మోర్ ఉండేది కాదు. అన్నీ పోయినా ఆడిన మాట పోనివ్వని మొండితనం ఆ శవం పక్కన నిలబడటం వల్లే అది సీను అయింది. మన డైలీ సీరియళ్లలో కన్నీళ్లకు కొదవ లేకపోయినా, ఒకే ముఖాన్ని మూడు వైపుల నుంచి ఢాంఢాం అని చూపించినా, చూసేవాళ్లు పక్కన ఉల్లిపాయలు తరుక్కుంటూ ఉండగలగడానికి కారణం బహుశా ఇదే. అక్కడ నష్టాలు మాత్రమే ఉంటాయి.

ఇదంతా జరగాలంటే ప్రేక్షకుడికీ కథకూ మధ్య కొంత ఎడం ఉండాలి. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఎడ్వర్డ్ బలో 1912లో మానసిక దూరం అనే ఆలోచనను ముందుకు తెచ్చాడు. భార్యను అనుమానించే భర్త ఒథెల్లో నాటకానికి వెళ్తే, నాటకం బాగున్నకొద్దీ అతనికి నాటకం కనపడకుండా పోతుందని, తన సంసారమే కనపడుతుందని ఆయన చెప్పిన ఉదాహరణ ప్రసిద్ధం. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఆలంకారికుడు అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలున్నాయని లెక్కపెట్టాడు. సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం వాటిలో ఒకటి. దానికి విరుగుడుగా ఆయన చెప్పింది ఉపదేశం కాదు: పాట, వాద్యం, అలంకరించిన రంగమంటపం. లోపలికి వచ్చిన మనిషి తన ఇంటి గొడవ గుమ్మం బయట వదలాలంటే చెవికీ కంటికీ ఏదో పని కల్పించాలని ఆయనకు తెలుసు. సినిమా మొదలయ్యే ముందు లైట్లు ఆర్పేయడం కూడా కొంత ఈ పనే చేస్తుంది.

ఆ ఎడం చెడిపోతే ఏమవుతుందో సిద్ధాంతకారుల కంటే బాగా చూపించినవాడు 8వ శతాబ్దపు భవభూతి. ఉత్తరరామచరితం మొదటి అంకంలో రాముడి జీవితాన్ని ఒక చిత్రకారుడు బొమ్మలుగా గీస్తాడు. గర్భవతి అయిన సీతకు కాలక్షేపంగా ఉంటుందని లక్ష్మణుడు వాటిని చూపిస్తూ వెళ్తాడు. పెళ్లి బొమ్మ దగ్గర అందరూ మురిసిపోతారు. శూర్పణఖ బొమ్మ వచ్చేసరికి సీత బెదిరిపోతుంది, ఆర్యపుత్రా, ఇక నీ దర్శనం ఇంతేనా అంటుంది. వియోగమంటే భయపడే పిచ్చిదానా, ఇది బొమ్మ అని రాముడు సర్దిచెప్తాడు. అలా చెప్పిన రాముడే కాసేపటికి సీతాపహరణం తర్వాతి బొమ్మల దగ్గర తట్టుకోలేక తల్లడిల్లుతాడు. ఇది బొమ్మ అని ఇద్దరికీ తెలుసు. తెలియడం పనికిరాలేదు, ఎందుకంటే ఆ బొమ్మలో ఉన్నది వాళ్ల బతుకే. వేరేవాళ్లకు కరుణ రసమైనది వాళ్లకు శోకంగానే మిగిలింది. ఈమధ్యనే ఇంట్లో మనిషి పోయినవాళ్లు అలాంటి సినిమా మధ్యలో లేచి బయటికి వచ్చేయడం చాలామంది చూసే ఉంటారు. వాళ్లు సహృదయులు కాక కాదు. మళ్లీ కొన్నేళ్లకు అదే మనిషి అదే సినిమా కావాలని పెట్టుకుని చూడటం కూడా ఉంటుంది.

ఏడిస్తే మనసు తేలికపడుతుంది కాబట్టే ఏడిపించే కళ నచ్చుతుందని చాలామంది అనుకుంటారు. ఈ మాటకు పెద్ద వంశవృక్షమే ఉంది. జాలి, భయం ద్వారా వాటి ప్రక్షాళన (కెథార్సిస్) జరుగుతుందని అరిస్టాటిల్ విషాద నాటకం గురించి ఒక్క వాక్యంలో అని వదిలేశాడు. 1857లో యాకోబ్ బెర్నైస్ అనే జర్మన్ పండితుడు దాన్ని వైద్యపరంగా, కడుపు శుద్ధి లాంటి మనసు శుద్ధిగా వ్యాఖ్యానించాడు. ఈయన మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ భార్య మార్తాకు పెదనాన్నో చిన్నాన్నో వరస. 1895లో బ్రాయర్ అనే వైద్యుడు, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన హిస్టీరియా పుస్తకంలో, అణచుకున్న భావాన్ని బయటికి రప్పిస్తే జబ్బు నయమవుతుందన్న పద్ధతికి ఇదే పేరు పెట్టారు. అలా నాటకశాల మాట ఆస్పత్రికి, అక్కడి నుంచి జనం నోటికి వచ్చింది.

మన వైపు కూడా దీనికి సాక్ష్యంగా భవభూతి శ్లోకమే చూపిస్తారు. చెరువు పొంగినప్పుడు అలుగు పారించడమే ఉపాయం, శోకంతో కలతపడిన గుండెను ప్రలాపాలే నిలబెడతాయి అని మూడో అంకంలో నదీదేవత తమస అంటుంది. చెరువుల కింద సేద్యం చేసిన జనానికి ఇంతకంటే బాగా ఎక్కే మాట ఉండదు. కట్ట తెగకుండా కాపాడేది అలుగే కదా. అయితే తమస ఆ మాట అన్నది ప్రేక్షకుల గురించి కాదు. సీత తిరిగిన అడవిలో, సీత లేదనుకుని ఏడుస్తున్న రాముడి గురించి. అది సొంత శోకం, నిజంగా నిండిన చెరువు. నాటకానికి వచ్చినవాడి చెరువు చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, దాన్ని నింపేది కూడా నాటకమే. ముందు నింపి తర్వాత ఖాళీ చేయడం వల్ల తేలికపడటమేమిటన్న ప్రశ్నకు ప్రక్షాళన సిద్ధాంతం దగ్గర సరైన జవాబు లేదు.

ప్రయోగాలు కూడా దీనికి పెద్దగా సాయం చేయలేదు. కోపం విషయంలో అయితే ఎదురే తిరిగాయి. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించినవాడిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దినవాళ్ల కోపం తగ్గలేదు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లకంటే ఎక్కువే మిగిలింది. ఏడుపు కథ ఇంత మొండిగా లేదు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో 60 మందికి విషాద సినిమాలు చూపించారు. 28 మంది ఏడ్చారు, మిగిలినవాళ్లు ఏడవలేదు. సినిమా అయిన వెంటనే అడిగితే, ఏడవనివాళ్ల మూడ్ ఎప్పటిలాగే ఉంది, ఏడ్చినవాళ్ల మూడ్ దిగజారింది. 20 నిమిషాలకు వాళ్లు మామూలు స్థితికి వచ్చారు. గంటన్నర తర్వాత అడిగితే, సినిమాకు ముందున్న దానికంటే కాస్త మెరుగ్గా ఉన్నామన్నారు. కాబట్టి తేలికపడటమన్న మాటలో నిజం లేకపోలేదు, కానీ అది ఏడుపు వెంట తక్షణం రాదు, గుంతలోంచి పైకి లేచేటప్పుడు వస్తుంది. ఆ తర్వాతి మెరుగులో కొంత, దిగి లేచినందుకు కలిగే పోలిక వల్లే కావచ్చు.

పక్కన జనం ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2016లో ఒక ఇల్లూ వాకిలీ లేని మనిషి విషాద గాథ ఉన్న సినిమాను జనానికి గుంపుగా చూపించి, ముందూ తర్వాతా అందరి చేతా గోడకుర్చీ వేయించింది. మన బడుల్లో పనిష్‌మెంట్‌గా వేయించేదే, అక్కడ నొప్పిని ఎంతసేపు ఓర్చుకుంటారో కొలవడానికి. డాక్యుమెంటరీలు చూసినవాళ్లతో పోలిస్తే విషాద చిత్రం చూసినవాళ్ల ఓర్పు పెరిగింది. ఓర్పు పెరిగినవాళ్లలో పక్కనున్న అపరిచితుల మీద దగ్గరితనం కూడా పెరిగింది. ఒక్క ప్రయోగం మీద ఎక్కువ బరువు పెట్టకూడదు గానీ, చావు ఇంట్లో ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, పోయినవాళ్ల గుణాలు ఒక్కొక్కటే ఎత్తి చెప్తూ, రాగం తీస్తూ శోకాలు పెట్టడం చూసినవాళ్లకు ఇందులో వింత కనపడదు. అక్కడ నిజమైన శోకమే సగం పాటవుతుంది. ఎవరు అందుకుంటే వాళ్ల వెనక మిగతావాళ్లు అందుకుంటారు. దాన్ని నాటకమని ఎగతాళి చేసే మగవాళ్లు ఉంటారు, అర్థం చేసుకోక.

ఇక విషాద కళ అందరికీ మేలే చేస్తుందా అంటే, చెయ్యదు. 2015లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా విషాద సంగీతాన్నే ఎంచుకుంటున్నారని చూపించారు. వీళ్లు బాధను కావాలనే పట్టుకు వేలాడుతున్నారని చాలామంది అర్థం చేసుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు అదే ప్రశ్నను మళ్లీ ఎత్తుకుని, ఎందుకు ఎంచుకున్నారని ఆ మనుషులనే అడిగారు. నెమ్మదిగా ఉంటుంది, ప్రశాంతంగా ఉంటుంది అన్నవే ఎక్కువ జవాబులు. హుషారు పాట మీద పడి కుదిపేస్తున్నట్టు ఉండే రోజుల్లో విషాద పాట కుదపదు, అంతే.

అయినా ఒక తేడా గమనించాలి. జరిగినదాన్నే తిప్పి తిప్పి తలపోసే అలవాటున్నవాళ్లకు విషాద సంగీతం మూడ్‌ను ఇంకా కిందికి లాగుతుందని వేర్వేరు పరిశోధనలు చెప్తున్నాయి. వీళ్లకు పాట ఒక సాకు, వినిపించేది సొంత గోడు. బ్రేకప్ అయిన కుర్రాడు హెడ్‌ఫోన్స్‌లో ఒకే పాటను రాత్రంతా లూప్‌లో పెట్టుకుని వింటే, చూసేవాళ్లకు అదీ వన్స్‌మోర్‌లాగే ఉంటుంది. ఆ గాయకుడు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నాడో, చరణంలో వయొలిన్ ఎక్కడ అందుకుందో అతన్ని అడిగి చూడొచ్చు. చెప్పగలిగితే అతనింకా పాట వింటున్నట్టే.